ఓట్లు రైడింగ్‌లో, టికెట్లు ఒట్టావాలో

2025 ఏప్రిల్ 28న కెనడాలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీకి 41 శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి. 2003లో ఆ పార్టీ ఇప్పటి రూపంలో ఏర్పడ్డాక ఇంత వాటా ఎన్నడూ రాలేదు. అదే రాత్రి ఆ పార్టీ నాయకుడు పియెర్ పొలియేవ్ సొంత సీటు పోగొట్టుకున్నారు. 2004 నుంచి ఒట్టావా శివార్లలో ఓటమి ఎరగని ఆయన్ను కార్ల్‌టన్‌లో ఓడించిన లిబరల్ అభ్యర్థి బ్రూస్ ఫ్యాన్‌జాయ్ అంతకుముందు పార్లమెంటు గడప తొక్కినవాడు కాదు. ఎన్నికలకు రెండేళ్ల ముందు నుంచే ఇల్లిల్లూ తిరిగినవాడు. పార్టీ దేశమంతటా పెరిగిన ఎన్నికలోనే దాని నాయకుడు ఇంట ఓడడం మామూలు విషయం కాదు. అయినా ఆ మర్నాటి నుంచి వెలువడిన వ్యాఖ్యానాల్లో దీనికి దక్కిన చోటు తక్కువే. గెలిచిన లిబరళ్ల వైపు నుంచి రాసేవాళ్లు ట్రంప్ బెదిరింపుల గురించి, తమ నాయకుడు మార్క్ కార్నీ నిబ్బరం గురించి చెప్పారు. కన్సర్వేటివ్ వైపు వాళ్లు, లిబరళ్లు ప్రధాని జస్టిన్ ట్రూడోను దింపి ముఖం మార్చుకున్నారనీ, న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) కుప్పకూలి దాని ఓట్లన్నీ వాళ్ల వైపు మళ్లాయనీ వాదించారు. ఎన్‌డీపీ అభిమానులు భయంతో వేసిన ఓటును తిట్టిపోశారు. ఒకరినొకరు ఒప్పుకోని ఈ మూడు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయి: ఇది నాయకుల మధ్య దేశవ్యాప్తంగా జరిగిన ఒకే ఒక్క పోటీ. ఈ చూపులో నిజం లేకపోలేదు. కానీ స్థానిక ప్రచారం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, అసలు స్థానికుల చేతిలో ఏం మిగిలింది అన్న ప్రశ్నలు దాని వెనక మరుగున పడిపోతున్నాయి.

చట్టం దృష్టిలో అక్కడ దేశవ్యాప్త పోటీ అనేదే లేదు. ప్రధానిని ఎవరూ నేరుగా ఎన్నుకోరు. రైడింగ్ అని పిలుచుకునే 343 నియోజకవర్గాల్లో విడివిడిగా పోటీ జరుగుతుంది. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే ఎంపీ. సగటున ఒక రైడింగ్‌లో 80 వేల పైచిలుకు ఓటర్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక లోక్‌సభ స్థానానికి సుమారు 16 లక్షల మంది, ఒక్క అసెంబ్లీ స్థానానికే రెండు లక్షలకు పైగా ఓటర్లు ఉంటారని గుర్తుచేసుకుంటే, కెనడా ఎంపీ అభ్యర్థికి ఉన్న వెసులుబాటు అర్థమవుతుంది. ఓపిక ఉంటే, రెండేళ్ల సమయం ఉంటే, ప్రతి తలుపూ తట్టడం అక్కడ నిజంగానే సాధ్యం. పైగా ఓట్ల మొత్తం కంటే అవి ఎక్కడ పడ్డాయన్నదే అధికారాన్ని నిర్ణయిస్తుంది. 2019లోనూ 2021లోనూ కన్సర్వేటివ్‌లకు లిబరళ్ల కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, తక్కువ సీట్లు వచ్చాయి. ఆల్బర్టా, సస్కాచెవాన్ రాష్ట్రాల్లో గుట్టలుగా పడిన ఓట్లు టొరంటో చుట్టుపక్కల ఒక్క సీటూ తెచ్చిపెట్టలేవు. 1979లో ఇదే గణితం అటు నుంచి ఇటు తిరిగింది. 40 శాతం ఓట్లు తెచ్చుకున్న పియెర్ ట్రూడో ఓడి, 36 శాతం వచ్చిన జో క్లార్క్ ప్రధాని అయ్యారు. ఇలాంటి దేశంలో జాతీయ సర్వేల అంకెలు పట్టుకుని ఎన్నికను వివరించడం సగం పని చేసి వదిలేయడమే.

అయితే స్థానిక అభ్యర్థిని వెనకేసుకొచ్చేవాళ్లు ముందుగా ఎదుర్కోవాల్సిన సాక్ష్యం గట్టిదే. ఆంద్రే బ్లే, ఎలిజబెత్ గిడెంగిల్ తదితర పరిశోధకులు 2000 ఎన్నికను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చలో ఇప్పటికీ మూలస్తంభం. చాలామంది ఓటర్లకు తమ రైడింగ్ అభ్యర్థుల మీద ఏదో ఒక ఇష్టాయిష్టం ఉంటుంది. కానీ పార్టీనీ నాయకుణ్నీ పక్కనపెట్టి ఆ ఇష్టమే ఓటును తేల్చిన సందర్భాలు సుమారు 5 శాతమేనని వాళ్లు తేల్చారు. క్యుబెక్‌లో అది ఇంకా తక్కువ. ఆ క్యుబెక్‌లోనే 2011లో జరిగిన సంగతి ఈ లెక్కకు రక్తమాంసాలు తొడిగింది. అంతకుముందు అక్కడ ఒకే సీటున్న ఎన్‌డీపీ, తన నాయకుడు జాక్ లేటన్ గాలిలో 75కి 59 గెలిచింది. గెలిచినవాళ్లలో రూత్ ఎలెన్ బ్రోసో ఒకరు. ఆమె ఒట్టావాలో విశ్వవిద్యాలయం ఆవరణలోని పబ్‌లో అసిస్టెంట్ మేనేజర్. పోటీచేసిన బెర్తియే-మాస్కినోంజే రైడింగ్‌లో అప్పటికి అడుగు పెట్టలేదు. ఫ్రెంచి అంతంతమాత్రం. ప్రచారం జోరుగా సాగుతుండగా లాస్ వేగస్ వెళ్లారు. అయినా వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఖాళీ ఉంచకుండా కాగితం మీద పేరు రాసి పంపిన అభ్యర్థిని ఓటరు ఎంపీని చేశాడంటే, ఓటు ఎవరికి పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

పార్టీ గుర్తింపు పోగొట్టుకున్న పెద్దమనుషుల కథలు కూడా ఇదే దిశలో నడుస్తాయి. 2019లో జస్టిన్ ట్రూడోతో విభేదించి లిబరల్ పార్టీకి దూరమైన ఇద్దరు మాజీ మంత్రులు ఇండిపెండెంట్లుగా నిలబడ్డారు. జోడీ విల్సన్-రేబోల్డ్ వాంకూవర్‌లో గెలిచారు. ఆమెతోపాటే బహిష్కరణకు గురై, అంతే పేరూ గౌరవమూ ఉన్న జేన్ ఫిల్‌పాట్ మార్కమ్‌లో ఓడారు. అదే ఏడు క్యుబెక్‌లోని బోస్‌లో మాక్సిమ్ బెర్నియే పరిస్థితి చూడండి. ఆయన తండ్రి జిల్ బెర్నియే 1993లో అక్కడే ఇండిపెండెంటుగా గెలిచిన మనిషి. కొడుకు 2006 నుంచి కన్సర్వేటివ్‌గా గెలుస్తూ వచ్చాడు. సొంత పార్టీ పెట్టుకుని దిగేసరికి ఇంటిపేరు కాపాడలేదు. (ఆ ఎన్నికలో హాస్యానికే పుట్టిన రైనోసరస్ పార్టీ అచ్చంగా మాక్సిమ్ బెర్నియే అనే పేరున్న ఇంకో అభ్యర్థిని నిలబెట్టింది. ఒకే పేరుతో డమ్మీలను దింపే విద్య మనవాళ్ల సొంతమని అనుకోనక్కర్లేదు.) ఇక 2025లో బ్రిటిష్ కొలంబియా మాజీ ఆర్థికమంత్రి మైక్ డియాంగ్‌కు కన్సర్వేటివ్ అధిష్ఠానం టికెట్ ఇవ్వలేదు. ఆయన అబట్స్‌ఫర్డ్‌లో రెబెల్‌గా నిలబడ్డారు. దశాబ్దాలుగా ఆ ప్రాంతం నుంచే శాసనసభకు గెలుస్తూ వచ్చిన నేతను కాదని, ఓటర్లు పార్టీ నిలబెట్టిన పాతికేళ్ల కుర్రాణ్ని గెలిపించారు.

ఇంతవరకూ చదివి, స్థానిక ప్రచారం వట్టి తంతు అని తేల్చేయడం సులువు. పార్టీ వ్యూహకర్తలు చాలామంది లోలోపల అదే నమ్ముతారు. కానీ 5 శాతం అనే అంకెను రెండుసార్లు చూడాలి. 2025లో మోంట్రియాల్ దగ్గర టెర్‌బోన్‌లో న్యాయస్థానం పర్యవేక్షణలో జరిగిన రీకౌంటింగ్ తరవాత తేడా ఒకే ఒక్క ఓటు. తపాలా కవరు మీద ఎన్నికల సంస్థ పిన్‌కోడ్ తప్పుగా అచ్చువేయడంతో తిరిగొచ్చిన ఒక ఓటు మీద ఆ గొడవ కోర్టుకెక్కింది. విండ్సర్ దగ్గర ఇంకో రైడింగ్‌లో తేడా 4 ఓట్లు. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ముందు 12 ఓట్లతో లిబరల్ గెలిచినట్టు ప్రకటించిన చోట, తిరిగి లెక్కపెడితే అవే 12 ఓట్లతో కన్సర్వేటివ్ గెలిచాడు. టొరంటోకి పడమట మిల్టన్ సీటు 21 ఓట్లతోనూ, నునావుట్ 41 ఓట్లతోనూ తేలాయి. లిబరళ్లకు వచ్చినవి 169 సీట్లు, మెజారిటీకి కావలసినవి 172. అంటే సొంత బలంతో పాలించడమా, బిల్లు బిల్లుకీ ఇంకొకరి మద్దతు వెతుక్కోవడమా అన్న విషయం గుప్పెడు రైడింగ్‌ల్లో, ఒక అపార్టుమెంటులో పట్టేంతమంది ఓటర్ల మీద ఆగింది. గాలి అందరినీ ఒకే దిశలో నెడుతుంది, నిజమే. గట్టు దాటేదెవరు, గట్టు మీద ఆగిపోయేదెవరు అనేది చాలాచోట్ల గాలి తేల్చలేదు. నూటికి ఐదుగురే అభ్యర్థిని చూసి ఓటేస్తారన్నది నిజమైతే, 80 వేల ఓటర్లున్న రైడింగ్‌లో అది వేలల్లో మాట.

కార్ల్‌టన్ దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే రెండు వాదనలకూ అక్కడ పరీక్ష ఉంది. 2021లో పొలియేవ్‌కు అక్కడ 50 శాతం దరిదాపుల్లో ఓట్లు వచ్చాయి. 2025లో అవి 46 శాతం దగ్గరికి పడిపోయాయి. అదే నాలుగేళ్లలో ఆయన పార్టీ జాతీయ వాటా 34 నుంచి 41కి ఎగబాకింది. గాలే అన్నీ తేలుస్తుందంటే ఆయన వాటా తగ్గకూడదు. ఫ్యాన్‌జాయ్ కాళ్లరిగేలా తిరగడం వల్లనే ఇది జరిగిందని లిబరల్ కార్యకర్తలు పండగ చేసుకున్నారు. అది కూడా తొందరపాటే. ఒట్టావా ప్రభుత్వోద్యోగుల ఊరు, పొలియేవ్ ఉద్యోగుల సంఖ్య తగ్గిస్తానన్న మనిషి. 2022 చలికాలంలో లారీలతో నగర నడిబొడ్డును వారాల తరబడి దిగ్బంధించిన ఆందోళనకారులకు ఆయన బాహాటంగా మద్దతిచ్చారు. ఆ హారన్ల మోత అక్కడివాళ్లు మరిచిపోలేదు. బ్యాలెట్ మీద 91 పేర్లుండటం గురించి చాలామంది రాశారు. వాళ్లలో ఎక్కువమంది, ఓటింగ్ పద్ధతి మార్చాలని కోరే ఒక బృందం నిరసనగా నిలబెట్టిన అభ్యర్థులు. ఫలితాన్ని మార్చేంత ఓట్లు వాళ్లకు పడలేదు. ఊరి మనసు అప్పటికే విరిగి ఉంది. ఫ్యాన్‌జాయ్ చేసింది ఆ విరిగిన మనసులు ఎవరివో ఇంటి నంబరుతో సహా గుర్తించి, ఓటింగ్ రోజుకు వాళ్లను పోలింగ్ కేంద్రం దాకా చేర్చడం. దేశంలోనే ఎక్కువ పోలింగ్ నమోదైన రైడింగ్‌ల్లో కార్ల్‌టన్ ఒకటి.

ఇంటింటి ప్రచారం మీద జరిగిన శాస్త్రీయ ప్రయోగాలూ ఇదే చెబుతాయి. ఇవి ఎక్కువగా అమెరికావి కాబట్టి కెనడాకు ఎంతవరకు వర్తిస్తాయన్న జాగ్రత్త అవసరం. 1998లో న్యూ హేవెన్‌లో గెర్బర్, గ్రీన్ చేసిన ప్రయోగం, ఇంటికెళ్లి ఎదురుగా నిలబడి అడిగితే ఓటేసేవాళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరుగుతుందనీ, ఫోను చేస్తే పెరగదనీ చూపింది. ఇరవయ్యేళ్ల తరవాత కల్లా, బ్రూక్‌మన్ అనే ఇద్దరు 49 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, సాధారణ ఎన్నికల్లో ప్రచారం వల్ల మనసు మార్చుకునేవాళ్లు సగటున దాదాపు ఎవరూ ఉండరని తేల్చారు. ఎంతో ముందుగా కలిస్తే కొంత ప్రభావం కనిపిస్తుంది గానీ పోలింగ్ నాటికి అది కరిగిపోతుంది. ఈ రెండిటికీ వైరుధ్యం లేదు. కార్యకర్త తలుపు తట్టేది వాదించి గెలవడానికి కాదు, మనవాళ్లెవరో కనుక్కోవడానికి. ఇంటి ముందు పచ్చికలో బోర్డు పెట్టుకుంటారా అని అడగడంలోని మర్మం కూడా అదే. బోర్డు కంటే జాబితాలో చేరే ఆ పేరు విలువైనది. ఒక్క రైడింగ్‌నే నమ్ముకున్న పార్టీ ఏం చేయగలదో గ్రీన్ పార్టీ నాయకురాలు ఎలిజబెత్ మే చూపించారు. 2008లో నోవా స్కోషియాలో ఓ కేంద్రమంత్రి మీద నిలబడి ఓడిన ఆమె, దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, వాంకూవర్ దీవి దగ్గరి ఒక్క సీటు మీద పార్టీ శక్తినంతా పెట్టి 2011లో గెలిచారు. అప్పటి నుంచి ఆ సీటు ఆమెదే. బ్రోసో కథకూ రెండో అధ్యాయం ఉంది. గాలివాటున ఎంపీ అయిన ఆమె ఫ్రెంచి మెరుగుపరచుకుని, నాలుగేళ్లు ఊళ్లలో తిరిగి పనులు చేసిపెట్టారు. 2015లో క్యుబెక్‌లో ఎన్‌డీపీ 59 నుంచి 16కి పడిపోయినప్పుడు ఆమె ఓట్ల వాటా పెరిగింది. పేరు లేనప్పుడు పార్టీ గెలిపించింది, పార్టీ మునిగినప్పుడు పేరు తేల్చింది. 2019లో రెండూ చాలక ఓడిపోయారు.

స్థానిక ప్రచారం విలువ పార్టీ అధిష్ఠానాలకు తెలియక కాదు. తెలిసే దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. 1997 దాకా ఓటర్ల జాబితా కోసం ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ వెళ్లేవాళ్లు. ఆ తరవాత శాశ్వత రిజిస్టర్ వచ్చింది, జాబితాలు పార్టీలకు అందుతున్నాయి, పార్టీలు వాటికి తమ సమాచారం జోడించి కేంద్ర డేటాబేసులు కట్టుకున్నాయి. స్థానిక కార్యకర్త సేకరించిన ప్రతి వివరం ఒట్టావా చేరుతుంది. దీని చీకటి కోణం 2011లో గ్వెల్ఫ్‌లో బయటపడింది. మీ పోలింగ్ కేంద్రం మారిందంటూ ఎన్నికల సంస్థ పేరుతో వేల మందికి అబద్ధపు ఫోన్లు వెళ్లాయి. ఒక కన్సర్వేటివ్ ప్రచార కార్యకర్త జైలుకెళ్లాడు. వేరే రైడింగ్‌లలో ఇలాంటి ఫోన్ల మీద 2013లో తీర్పిచ్చిన ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి, ఆ నంబర్లు కన్సర్వేటివ్ డేటాబేసు నుంచే వచ్చి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందన్నారు. పార్టీ పాత్ర ఉందని మాత్రం తేల్చలేదు; ఆ ఫోన్ల వల్ల ఫలితాలు మారాయని రుజువు కాలేదంటూ వాటిని రద్దు చేయలేదు. అంతకుముందు 2006లో అదే పార్టీ సుమారు 13 లక్షల డాలర్లను స్థానిక అభ్యర్థుల ఖాతాల్లోకి పంపి, జాతీయ ప్రకటనల ఖర్చుగా తిరిగి రప్పించింది. జాతీయ ఖర్చు మీదున్న పరిమితిని తప్పించుకునే ఉపాయం అది. 2011లో నేరం ఒప్పుకుని 52 వేల డాలర్ల జరిమానా కట్టింది. లిబరళ్లు ఇలాంటివి ఎప్పుడూ చేయలేదని ఇక్కడ అనడం లేదు. స్థానిక ఖాతా ఉన్నది స్థానికుల కోసమన్న చట్టపు ఊహను అధిష్ఠానం ఎంత తేలిగ్గా తీసుకుంటుందో చూడడానికి ఇంతకంటే స్పష్టమైన కేసు దొరకదు. రాజనీతి శాస్త్రవేత్త కెన్ కార్టీ కెనడా పార్టీలను ఫ్రాంచైజీ దుకాణాలతో పోల్చాడు: సరుకు, ప్రకటన, పేరు కేంద్రానివి, కౌంటర్ దగ్గర నిలబడి అమ్మే శ్రమ స్థానికులది. అయితే ఆ పోలికలో ఆ శ్రమకు బదులుగా స్థానిక శాఖకు ఒక స్వేచ్ఛ ఉండాలి, సభ్యుల ఓటుతో తన అభ్యర్థిని తానే ఎంచుకునే స్వేచ్ఛ. కార్టీ ఆ మాట రాసి ఇరవయ్యేళ్లు దాటింది. ఇప్పుడు ఆ స్వేచ్ఛే అడుగంటింది.

ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే. ఓటింగ్ రోజున అభ్యర్థి ఎంత లెక్కకు వస్తాడన్నదాని మీద మనం ఎంత వాదించుకున్నా, ఆ అభ్యర్థి ఎవరన్నది చాలాచోట్ల వేరే గదిలో ముందే తేలిపోతుంది. లిబరళ్ల కంచుకోటలోనూ, కన్సర్వేటివ్‌ల కంచుకోటలోనూ టికెట్ దొరకడమే గెలుపు. 1970లో పార్టీ పేరు బ్యాలెట్ పత్రం మీదికి వచ్చింది. ఏ అభ్యర్థి నిజంగా పార్టీ వాడో గుర్తించాలి కదా అని, దానికి నాయకుడి సంతకం తప్పనిసరి చేశారు. తెలుగు పాఠకులకు బీ ఫారం అంటే చాలు. కేవలం గుమాస్తా పనిగా మొదలైన ఆ సంతకం నాయకుడి చేతిలో కొరడా అయింది. 2015లో ఎంపీ మైకేల్ చాంగ్ తెచ్చిన సంస్కరణ చట్టం నాయకుడి పేరు తీసేసి, పార్టీ ఎవరికైనా ఆ అధికారం ఇచ్చుకోవచ్చంది. పార్టీలు దాన్ని తిప్పి నాయకుడి మనుషుల చేతుల్లోనే పెట్టాయి. ప్రజాస్వామ్యం మీద పనిచేసే సమారా సంస్థ 2004 నుంచి 2015 దాకా ప్రధాన పార్టీల తరఫున నిలబడిన 6,600 మందికి పైగా అభ్యర్థుల వివరాలు తవ్వింది. వాళ్లలో టికెట్ కోసం నిజంగా పోటీ ఎదుర్కొన్నవాళ్లు 17 శాతమే. మిగతావాళ్లు నేరుగా నియమితులో, ఎదురులేకుండా ఖరారైనవాళ్లో. జస్టిన్ ట్రూడో నాయకుడైనప్పుడు టికెట్ల పోటీని బాహాటంగా జరుపుతానని మాటిచ్చి, కొద్దికాలానికే కొందరిని అడ్డుకున్నారు. 2025లో నెపియన్ సిట్టింగ్ ఎంపీ, కర్ణాటక నుంచి వెళ్లిన చంద్ర ఆర్యను లిబరల్ పార్టీ ముందు నాయకత్వ పోటీ నుంచి తప్పించింది, తరవాత టికెట్టూ వెనక్కి తీసుకుంది. కొన్ని రోజులకే ఆ సీటులో కార్నీ నిలబడ్డారు. అందులో రైడింగ్ ఓటర్ల మాట ఎక్కడుంది?

అధిష్ఠానాల తరఫున ఒక బలమైన జవాబు ఉంది. స్థానికులకు వదిలేస్తే టికెట్ ప్రజాస్వామ్యం చేతికి రాదు, మూకుమ్మడిగా సభ్యుల్ని చేర్పించగల వాడి చేతికి వస్తుందని. ఇది గాలి కబురు కాదు. 2004లో సర్రే నార్త్ సిట్టింగ్ ఎంపీ చక్ కాడ్‌మన్, కొత్త సభ్యుల్ని పెద్ద ఎత్తున చేర్పించిన ప్రత్యర్థి చేతిలో కన్సర్వేటివ్ టికెట్ పోగొట్టుకున్నారు. ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు. 2005 మేలో కేన్సర్‌తో బాధపడుతూనే సభకు వచ్చి ఆయన వేసిన ఓటుతో లెక్క 152–152 అయింది, స్పీకర్ ఓటుతో పాల్ మార్టిన్ ప్రభుత్వం నిలబడింది. టికెట్ పోటీ ఎంత వక్రంగా తేలగలదో, ఊరి ఓటరు దాన్ని ఎలా సరిదిద్దగలడో రెండూ ఆ ఒక్క కథలో ఉన్నాయి. 2019లో టొరంటోలోని డాన్ వ్యాలీ నార్త్‌లో లిబరల్ టికెట్ పోటీకి విదేశీ విద్యార్థుల్ని బస్సుల్లో తెచ్చారన్న ఆరోపణ ఇంకా తీవ్రమైనది. అప్పటి లిబరల్ నియమాల ప్రకారం 14 ఏళ్లు నిండి ఆ రైడింగ్‌లో నివసిస్తే చాలు, పౌరులు కాకపోయినా ఓటేయొచ్చు. విదేశీ జోక్యం మీద విచారణ జరిపిన జస్టిస్ మరీ-జోజే ఓగ్ 2025 జనవరిలో ఇచ్చిన తుది నివేదికలో, దేశ ఫలితం మారిపోలేదని తేల్చారు. కానీ టికెట్ పోటీలు విదేశీ జోక్యానికి దారులు కాగలవని ఆమె విచారణ గుర్తించింది. ఆ నివేదికే చైనా తరవాత ఎక్కువ చురుగ్గా ఉన్న దేశంగా భారతదేశం పేరు రాసింది; భారత ప్రభుత్వం ఆ మాటను తోసిపుచ్చింది. ప్రవాస సమాజాల ఓట్లు దట్టంగా ఉన్న శివారు రైడింగ్‌లలో టికెట్ల పోటీలు ఇక అనుమానపు చూపు తప్పించుకోలేవు.

అయితే ఈ సాక్ష్యం అధిష్ఠానానికి అనుకూలంగా పనిచేయదు. డాన్ వ్యాలీ నార్త్‌లో లోపం స్థానికులు ఓటేయడంలో లేదు, ఎవరు ఓటేస్తున్నారో చూసే బాధ్యత ఎవరికీ లేకపోవడంలో ఉంది. పైనుంచి నియమిస్తే వడపోత బాగుంటుందనేది రెండో జవాబు. మార్కమ్-యూనియన్‌విల్ చూస్తే ఆ ధీమా నిలవదు. అక్కడి లిబరల్ సిట్టింగ్ ఎంపీ, వేరే రైడింగ్‌లోని కన్సర్వేటివ్ ప్రత్యర్థిని చైనా కాన్సులేట్‌కు అప్పగిస్తే హాంకాంగ్ పోలీసులు ప్రకటించిన బహుమతి వస్తుందని అన్నాడు. గొడవ ముదిరి 2025 ప్రచారం మధ్యలో తప్పుకున్నాడు. పార్టీ హడావిడిగా ఇంకొకరిని నిలబెట్టింది, ఓడింది. అక్కడ గెలిచిన కన్సర్వేటివ్ మైకేల్ మా అదే ఏడాది డిసెంబరులో లిబరల్ పార్టీలోకి ఫిరాయించాడు. నవంబరులో నోవా స్కోషియా ఎంపీ క్రిస్ డాంట్రిమాన్ అదే దారి పట్టాడు. మనకు 1985 నుంచి ఫిరాయింపుల చట్టమైనా ఉంది, అది ఎంత పనిచేస్తోందన్నది వేరే కథ. కెనడాలో అలాంటి అడ్డే లేదు. ఓటరు ఎన్నుకున్నది వ్యక్తినేనన్న పాత సిద్ధాంతం అక్కడ ఫిరాయించిన రోజున బతికొస్తుంది, టికెట్ ఇచ్చే రోజున మాయమవుతుంది. ఫిరాయింపుతో లాభపడిన పక్షం వ్యాఖ్యాతలు ఓటు వ్యక్తికేనంటారు, నష్టపోయిన పక్షం వాళ్లు పార్టీకేనంటారు, ఏడాది తిరిగేసరికి సరుకు మార్చుకుంటారు. దామాషా పద్ధతి వస్తే ఇదంతా పోతుందనేవాళ్లు ఉన్నారు. ఎన్నికల పద్ధతి మారుస్తానని 2015లో ట్రూడో ఇచ్చి 2017లో వదిలేసిన హామీ గురించి వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఓట్లకూ సీట్లకూ పొంతన దామాషా పద్ధతి కుదర్చగలదు. కానీ జాబితా పద్ధతిలో ఎవరి పేరు పైన ఉండాలో రాసేది పార్టీయే. టికెట్ ప్రశ్న అప్పుడు మరింత పెద్దదవుతుంది తప్ప తీరదు.

చివరికి మిగిలే వాదన, పార్టీలు ప్రైవేటు సంఘాలు, తమ అభ్యర్థి ఎవరో తామే తేల్చుకుంటాయి, రాజ్యం అందులో తలదూర్చకూడదు అన్నది. ప్రజల డబ్బు తీసుకోని సంఘానికి ఆ మాట చెల్లేది. కెనడాలో 400 డాలర్లు విరాళమిచ్చిన వ్యక్తికి 300 డాలర్లు పన్నులో తిరిగొస్తాయి. 10 శాతం ఓట్లు దాటిన అభ్యర్థికి ప్రచార ఖర్చులో 60 శాతం, అర్హత గల పార్టీకి 50 శాతం ఖజానా నుంచి వెనక్కి అందుతుంది. పైగా 2004 నుంచి చట్టం టికెట్ పోటీ గదిలోకి అడుగుపెట్టనే పెట్టింది. టికెట్ ఆశించేవాళ్ల ఖర్చుకు అభ్యర్థి పరిమితిలో అయిదో వంతు హద్దు పెట్టింది, వెయ్యి డాలర్లు దాటితే లెక్కలు చూపమంది. పోటీ జరిగిన 30 రోజుల్లో తేదీ, పోటీదారుల పేర్లు, గెలిచినవాడి పేరు ఎన్నికల సంస్థకు తెలపమంది. ఎంతమంది ఓటేశారు, వాళ్లెవరు, ఎవరికెన్ని పడ్డాయి అన్నవి మాత్రం ఏ పార్టీనీ అడగదు.